మరణించిన స్థలం: అల్లుని ఇల్లు

మరణించిన స్థలం అన్న గడిలో రెండే మాటలు ఉన్నాయి. అల్లుని ఇల్లు.

కాటారం మండల కార్యాలయంలో కిటికీ పక్క బల్ల మీద ఆ పేజీ తెరిచి ఉంది. పైన మా తాత పేరు, దాని కింద ముత్తాత పేరు. స్వగ్రామం అన్నచోట దేవరుప్పుల పక్కనున్న మా ఊరు. కారణం జ్వరం. తేదీ మాత్రం, తాత పోయిన రోజని మా ఇంట్లో చెప్పుకునే తేదీకి ఒకరోజు ముందుది. గీతలు కొంచెం అలికినట్టున్నా అక్షరాలు గుండ్రంగా, ఎవరైనా చదివేటట్టు ఉన్నాయి.

ఉద్యోగమంతా దినపత్రికలోనే చేశాను. నేను రాసిన వార్త మొదటి పేజీకి ఎక్కిందని తెలిసినప్పుడు కూడా కుర్చీలోంచి లేచిన మనిషిని కాను. ఆ రోజు లేచాను.

"దొరికిందా సార్?" అని అడిగాడు అక్కడి ఉద్యోగి.

"దొరికింది!"

నా గొంతుకు పక్క గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు. వాళ్లలో ఒకాయన, "భూమి కేసా సార్?" అన్నాడు. పాత రిజిస్టర్లు తిరగేసే వాళ్లంతా భూమి కోసమే వస్తారు గదా.

"కాదు, మా మేనత్త కేసు. గెలిచినం," అన్నాను.

వాళ్లకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే మా ఇంట్లో తాత చావు గురించి చెప్పుకునే కథ తెలియాలి.

మా నాయిన వాళ్లు ముగ్గురు. పెద్దబాపు, ఆయన తర్వాత మేనత్త, చివర మా నాయిన. మేనత్తను కాటారం దాటినంక అడవి అంచున ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. ఆ రోజుల్లో మా ఊరి నుంచి అక్కడికి పోవాలంటే జనగామలో ఒక బస్సు, హనుమకొండలో ఒకటి, భూపాలపల్లిలో ఇంకొకటి పట్టుకోవాలి. పొద్దున బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు చేరడం. అంత దూరం ఇచ్చినందుకు తాతకు లోపల బాధ ఉండేదని మా నాయనమ్మ అనేది. ఆ బాధతోనే ఏడాదికోసారి ఒక్కడే సంచి భుజానేసుకొని "బిడ్డను చూసొస్త" అని పోయేవాడు. చివరిసారి పోయినప్పుడు అక్కడ జ్వరం పడింది. కబురు అందుకొని పెద్దబాపు వెళ్లాడు. మర్నాడు పొద్దు పొడిచే వేళకు తాతను జీపులో తీసుకొచ్చాడు.

నేను అప్పుడు జనగామ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. కాబట్టి నాకు తెలిసిందంతా విన్నదే. వాడకట్టు మొత్తం ఒకే తీరుగా చెప్పింది. జీపు దిగేటప్పుడు తాతకు ఊపిరాడుతోంది. ఇంట్లో పండుకోబెట్టారు. పెద్దబాపు నోట్లో నీళ్లు పోశాడు. ఒక గుటక మింగి కన్నుమూశాడు. కొడుకుల చేతుల్లో, సొంత ఇంట్లో, దొర లెక్క పోయిండు.

ఆ దొర లెక్క చావు పక్కనే మేనత్త మీద నేరం నిలబడింది. మూడు మాటల నేరం. జ్వరంతో ఉన్న తండ్రిని జీపులేసి పంపింది. వెంట రాలే. చితి ఆరినంక వచ్చింది.

మా ఇంట్లో అది ఒక సామెతే అయింది. చుట్టమొచ్చి రెండు రోజులు కాకముందే ఎవరైనా "ఎప్పుడు పోతరు" అని అడిగితే, "ఏందే, కాటారం జీపు ఎక్కిస్తున్నవా?" అని ఎత్తిపొడిచేవాళ్లు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో అందరూ నవ్వేవాళ్లు. మేనత్త ఉన్నప్పుడు కూడా అన్నారు. ఒక పెళ్లిలో ఎవరో అంటే ఆమె విస్తరి ముందు నుంచి లేవలేదు, తల ఎత్తలేదు, పెట్టింది తిని చేయి కడుక్కుంది. పుట్టింటికి వచ్చినా ఒక్క రాత్రి ఉండేది కాదు. పొద్దు వాలకముందే బస్సెక్కేది. మా నాయిన కూడా బతికున్నన్నాళ్లు ఈ సంగతి మీద ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మౌనాన్ని నేను అక్క మీద కోపమనుకున్నాను.

ఉద్యోగం అయిపోయాక ఇంటి చరిత్ర రాద్దామని కూర్చున్నాను. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో చెబితే అందరూ సంబరపడ్డారు. అచ్చు వేయించి దసరాకు ఊళ్లో కలిసినప్పుడు పంచుదామనుకున్నాం. తాత గురించిన నాలుగు వాక్యాలు పెద్దబాపే ఫోన్లో చెప్పి రాయించాడు. "బిడ్డ ఇంట్ల జబ్బువడ్డడు, జీపుల ఇంటికి తెచ్చుకున్నం, కొడుకుల చేతుల్ల పోయిండు. గంతే రాయి, ఎక్కువ తక్కువ రాయకు."

వార్త రాసేటప్పుడు అవతలి మనిషిని కూడా అడగాలి. అది అలవాటు. మేనత్తకు ఫోన్ చేసి ఆ వాక్యాలు చదివి వినిపించాను.

చివరిదాకా వింది.

"గట్లనే రాస్తవా అల్లుడా?"

"అందరు గదే చెప్తున్నరు అత్తా. నువ్వేమన్న చెప్పేదుంటే చెప్పు."

"నాకేం లేదు చెప్పేది. నోటి మాటంటే గాలికి పోతది. అచ్చుల పడ్డంక నా మనుమలు, మనుమరాండ్లు సుత సదువుతరు గద. మా అవ్వ గిట్ల చేసిందా అంటరు. గంతే." తర్వాత, "నువ్వు సూసి రాయి," అని పెట్టేసింది.

సూసి రాయి. ఆ మాట నన్ను వదల్లేదు. ఎనభై దాటిన మనిషి. నేను అచ్చేసిందే ఆమె వెనుక మిగిలే మాట. చూడకుండా ఎట్లా రాయడం?

సరే, ప్రతి చావుకూ ఒక కాగితం చూసే రాద్దామని నిర్ణయించుకున్నాను. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. మనిషి సొంతూరేది, దహనం ఎక్కడ జరిగిందీ అన్నదానితో పని లేదు. తాత ఇంట్లోనే పోయాడు కాబట్టి మా ఊళ్లోనే ఉండాలి. దేవరుప్పులలో వెతికించాను. ఆ ఏడాది, దాని ముందుది, వెనుకది. లేదు. జనగామలో వెతికించాను. అక్కడా లేదు. పెద్దబాపు మరిపెడలో ఉంటాడు. ఫోన్ చేసి అడిగితే, కొంచెం ఆలోచించినట్టు ఆగి, "నేనప్పుడు మానుకోటల నౌకరి చేస్తుంటి గద. ఆడ అడుగు. ఆడ రాయించినమో ఏమో," అన్నాడు. మహబూబాబాద్‌ను మా పెద్దవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. రైలెక్కి పోయాను. అక్కడి వాళ్లు ఓపికగానే చూశారు. లేదన్నారు. ఇంకోసారి పోయాను. మళ్లీ లేదన్నారు.

ఆ రోజుల్లో ఎన్నో చావులు నమోదు కాలేదు. అందులో ఇదొకటి అని రాసి ముగిద్దామనుకున్నాను. ఆ వాక్యం రాసి కూడా పెట్టుకున్నాను.

అప్పుడే మా ఊరి దోస్తు ఒకడి తండ్రి హనుమకొండ దవాఖానలో పోయాడు. శవాన్ని తెస్తూ దోస్తు నన్ను జనగామలో అంబులెన్స్ ఎక్కించుకున్నాడు. ఊరి పొలిమేర రాగానే వాళ్ల పెద్దమ్మ బండి ఆపించింది. వెనక్కి తిరిగి అందరికీ గట్టిగా చెప్పింది.

"ఇగో, ఎవ్వలు ఏడ్వద్దు. ఎవలన్న అడిగితే ఊపిరున్నదనుండ్రి. ఇంట్ల పండవెట్టి నీళ్లు వోసినంక ఏడ్వుండ్రి, ఎంతన్న ఏడ్వుండ్రి."

డ్రైవర్ ఏమీ అడగకుండా దిగి వచ్చి, పోయిన మనిషి ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం మళ్లీ సర్దాడు.

ఇందులో నాకు కొత్తేమీ లేదు. బయట పోయిన మనిషిని మా వైపు ఇంట్లోకి రానివ్వరు. పొలిమేర దగ్గరో, చేన్లోనో పెట్టి అక్కడి నుంచే తీసుకుపోవాలి. కన్నవాళ్లను ఇల్లు చేర్చకుండా బయట మట్టి మీద పండుకోబెట్టడం ఎవరికి మనసొప్పుతుంది? అందుకని ఊపిరున్నదంటారు. ఊరికి తెలుసు. ఊరు కూడా అవునంటుంది. పత్రికలో ఉన్నప్పుడు దవాఖాన నుంచి ఒక వార్త, ఇంటి నుంచి ఒక ఫోను వచ్చేవి. "ఇంట్ల పోయిండని రాయుండ్రి సార్." స్వగృహంలో తుదిశ్వాస విడిచారు అని మార్చి పంపేవాణ్ణి. ఎందరిని అట్లా ఇంటికి చేర్చానో.

కానీ పెద్దమ్మ అంతటితో ఆగలేదు. పోయినాయన బిడ్డ, మా దోస్తు చెల్లె, చీర కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. పెద్దమ్మ ఆమెను చూసి అంది.

"నువ్వు దిగు బిడ్డా. నీతోని కాదు. నీ ఏడుపు ఆగది. నువ్వు ఎనుక ఆటోల రా."

ఆమెను దింపేశారు. అంబులెన్స్ కదిలింది. వెనుక అద్దంలోంచి చూస్తే, తండ్రి వెంట పోలేక, నోరు తెరవలేక రోడ్డు మీద నిలబడ్డ ఆ బిడ్డ కనిపించింది.

వెంట రాలే.

అప్పుడు తెలిసింది నాకు. ఊళ్లోవాళ్ల మాట పట్టుకొని ఊళ్లో వెతికాను. తాత ఊపిరి గురించి ఊరు చెప్పిన సాక్ష్యం, ప్రతి చావుకూ ఊరు చెప్పే సాక్ష్యమే. పక్కింటివాళ్ల వార్తల్లో వెంటనే పట్టుకునేవాణ్ణి, మా ఇంటి వార్తలో మాత్రం పట్టుకోలేకపోయాను.

దినాలు అయినాక భూపాలపల్లి బస్సెక్కాను. అక్కడి నుంచి కాటారం. మేనత్త ఊరి పాత రిజిస్టర్లు మండల కార్యాలయంలో ఉన్నాయన్నారు. దరఖాస్తు పెట్టి కూర్చున్నాను. మొదట చెప్పిన ఆ రెండు మాటలు అక్కడ దొరికినవే.

నకలు కాగితం సంచిలో పెట్టుకొని ఆటోలో మేనత్త ఊరికి పోయాను. ఆమె వాకిట్లో పీట మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"చెప్పకుండనే వచ్చినవ్ ఏంది అల్లుడా? అన్నం తిన్నవా?"

"తింట గాని, ముందు గిది విను."

చదివాను. స్థలం దగ్గరికి వచ్చేసరికి చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకోపారి సదువు."

చదివాను.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవ్వలు చెప్పలే. సర్కారు దాంట్ల ఉన్నది."

"నేనైతే చెప్పలే గద? నా నోట్లెకెల్లి ఒక్క మాట రాలే గద?"

"రాలే అత్తా."

"ఆఁ! రాలే!" అని తొడ మీద చరుచుకొని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. కోడలు బయటికి పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

అప్పుడు చెప్పింది. తాత ఆమె ఒళ్లోనే పోయాడు. నీళ్లు ఆమే పోసింది. పెద్దబాపు వచ్చేసరికి ఆలస్యమైంది. శవాన్ని చూసి ఏడ్చి, తేరుకొని, ఆమెను పక్కకు పిలిచాడు. "ఇద్దరు కొడుకులం ఉండంగ బిడ్డ ఇంట్ల పోయిండంటే మొఖం ఏడ పెట్టుకోవాలె చెల్లె? బాపును పొలిమేరల మన్నుల పండవెట్టాల్నా?" అన్నాడు. తండ్రి కాళ్లు ముట్టించి ఒట్టు పెట్టించాడు, ఎవరికీ చెప్పనని. వెంట రావద్దన్నాడు. నువ్వొస్తే ఏడుస్తవు, ఊరంతా లేస్తది, జీపు పొలిమేర దాటది అన్నాడు. మామ ఒక్కడే వెంట పోయాడు. ఆమె ఇల్లు కడుక్కొని, తెల్లారి మొదటి బస్సు పట్టుకొని వచ్చేసరికి చితి ఆరింది.

"నేను రాలేదని అందరు అన్నరు. నిజమే, రాలే. ఎందుకు రాలేదో ఒక్కలు అడగలే. అడిగినా చెప్పకపోతుంటి," అంది.

తర్వాత లేచి కొంగు దులుపుకుంది. "మరిపెడ పోదాం నడువు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడు? అన్న ఉన్నప్పుడే పోవాలె."

మర్నాడు పోయాం. పెద్దబాపు మరిపెడలో తన బిడ్డ ఇంట్లో ఉంటున్నాడు. కొడుకులు హైదరాబాద్‌లో ఉన్నారు, ఆయనకు అక్కడ పొద్దుపోదు. వాకిట్లో కుర్చీలో కూర్చొని, చెల్లె ఆటో దిగడం చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంది చెల్లె, గింత దూరం?"

"దూరం ఇచ్చిందే మీరు గద అన్నా. అల్లుడు ఏదో కాయిదం తెచ్చిండు, విను."

చదివాను. పెద్దబాపు వినడం అయిపోయాక చెల్లె వైపు చూశాడు.

"నేను నోరు తెరవలే. బాపు మీద ఒట్టు, కాయిదం దొరికేదాక తెరవలే," అంది ఆమె.

"మరి గీడు ఎట్ల పోయిండు కాటారం?"

"నన్ను మానుకోటకు ఎందుకు పంపినవ్ పెద్దబాపు?" అన్నాను నేను. "రెండుసార్లు తిరిగిన."

"పత్రికోనివి గద. ఎటో ఓ దిక్కు పంపకుంటే సక్కగ కాటారం పోతవని పంపిన." అని తనే నవ్వాడు. పట్టుబడ్డవాడి నవ్వు. "పోనే పోయినవ్ గద!"

మేనత్త కుర్చీ లాక్కొని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట అడుగుత అన్నా. నువ్వు గిప్పుడు ఎవలింట్ల ఉన్నవ్?"

"ఎవలింట్ల ఏంది, నా బిడ్డ ఇంట్ల."

"మరి నీకేమన్న అయితె నిన్ను సుత జీపు ఎక్కియ్యాల్నా?"

లోపల వంట చేస్తున్న పెద్దబాపు బిడ్డ గరిటె పట్టుకొని తలుపులోకి వచ్చి పక్కున నవ్వింది. "అడుగు అత్తా, గట్టిగ అడుగు! రోజు నా చేతి అన్నం తింటడు, బిడ్డ ఇంట్ల పోవద్దంటడు."

పెద్దబాపు చేయి చాచి చెల్లె తల మీద పెట్టాడు.

"తప్పే చెల్లె. నీ ఒట్టు నేనే పెట్టిచ్చిన, నేనే తీస్తున్న. ఇగ ఎవలకన్న చెప్పుకో." నా వైపు తిరిగాడు. "రాయి. బాపు బిడ్డ ఇంట్ల పోయిండని రాయి. నీళ్లు బిడ్డనే పోసిందని రాయి. ఇంకోటి విను. నేను గిక్కడ పోతే మరిపెడల పోయిండని రాయుండ్రి. ఊపిరున్నదని ఎవడన్న అన్నడో, లేచొచ్చి తంత."

"లేచొస్తె ఊపిరున్నట్టే గద అన్నా," అంది మేనత్త.

పుస్తకంలో ఆ పేరా మార్చాను. దసరాకు ఊరు చేరి, సద్దుల బతుకమ్మ ముందురోజు అందరూ కూర్చున్నప్పుడు మేనత్త మనుమరాలే దాన్ని గట్టిగా చదివింది. చదవడం అయ్యాక ఆడవాళ్లలో ఒకామె వచ్చి మేనత్త పక్కన కూర్చొని, ఆమె చేయి తన చేతిలోకి తీసుకుంది. ఒకప్పుడు పెళ్లి పందిట్లో జీపు మాట అన్నది ఆమే. ఆ రాత్రి మేనత్త బస్సెక్కలేదు. పుట్టింట్లో పండుకొని, తెల్లారి బతుకమ్మ పూలు మాకంటే ముందే కోసుకొచ్చింది. నాలుగు రోజులు ఉంది. ఇంకో నాలుగు రోజులు ఉండమని అందరం బతిమాలాం. "నా ఇల్లు నాకుండదా?" అని కసిరి పోయింది.

పుస్తకంలో ఒక్కటి రాయలేదు, నాకు తెలియదు కాబట్టి. ఆ చావు సంగతి ఊరి అధికారికి వెళ్లి చెప్పిందెవరు? ఎవరికీ తెలియొద్దని ఇంత కష్టపడ్డవాళ్లు చెప్పి ఉండరు. నమోదు చేసిన రోజుకు మేనత్త, మామ ఇద్దరూ దినాలకు మా ఊళ్లోనే ఉన్నారు. మామకైనా, పెద్దబాపుకైనా సంతకం వచ్చు. సమాచారం ఇచ్చినవారు అన్న గడిలో ఉన్నది వేలిముద్ర, పక్కన పేరు రాయలేదు. మేనత్త ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లందరినీ అడిగి చూశాను. ఆ వేలు ఎవరిదో చెప్పినవాళ్లు ఇప్పటివరకు దొరకలేదు.